పళ్లెంలో చచ్చే కణితి తలలో ఎందుకు చావదు?

పిల్లల మెదడు కణితులకు ల్యాబ్ మోడళ్లు: ఎలా తయారవుతాయి, ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ దారి తప్పిస్తాయి

క్లుప్తంగా: రోగి కణజాలంతో ల్యాబ్‌లో పెంచే మోడళ్లు, అంటే అసలు కణితికి నమూనాలు, పిల్లల మెదడు కణితుల గురించి డాక్టర్లకున్న అవగాహనను గత పదిహేనేళ్లలో బాగా మార్చేశాయి. మందుల వేటలో మాత్రం వాటి లెక్క అంత సాఫీగా లేదు. ప్రతి మోడల్‌లోనూ అసలు కణితికి చెందిన ఏదో ఒకటి జారిపోతుంది. జారిపోయిన ఆ సంగతి గురించే మోడల్‌ని అడిగినప్పుడల్లా ఫలితం తేడా కొట్టింది.

"ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలు ఖతం", "ఎలుకల్లో కణితి మాయం" తరహా శీర్షికలు తరచూ కనబడుతూనే ఉంటాయి. వార్త వచ్చిన మర్నాడు దాన్ని ఫోన్‌లో డాక్టరుకి చూపించి, ఈ మందు మనకి దొరుకుతుందా అని అడిగే తల్లిదండ్రులుంటారు. చాలాసార్లు అది ఇంకా మందు కాదు. ఒక ప్లాస్టిక్ పళ్లెంలోనో, ఒక ఎలుక తలలోనో పనిచేసిన రసాయనం మాత్రమే.

ఈ గందరగోళాన్ని 2025 ఆగస్టు ఇంకాస్త పెంచింది. ఆ నెల 6న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, డోర్డావిప్రోన్ అనే మందుకు త్వరిత అనుమతి ఇచ్చింది. మోడేసో పేరుతో అమ్మే ఈ క్యాప్సూల్, హెచ్3 కె27ఎం అనే మ్యుటేషన్ (జన్యు మార్పు) ఉన్న డిఫ్యూజ్ మిడ్‌లైన్ గ్లయోమా అనే మెదడు కణితి చికిత్స తర్వాత మళ్లీ పెరిగినప్పుడు వాడటానికి. ఏడాది నిండిన పిల్లల నుంచి పెద్దల దాకా ఇవ్వవచ్చు. ఈ జాతి కణితికి ఒక మందు అనుమతి పొందడం ఇదే మొదటిసారి. "పిల్లల మెదడు క్యాన్సర్‌కు మందు వచ్చేసింది" అని వార్తలు వచ్చాయి. అనుమతికి ఆధారమైన 50 మంది రోగుల్లో కణితి చెప్పుకోదగ్గంత తగ్గింది 22 శాతం మందిలో. ఆ 50 మందిలో ఎక్కువమంది పెద్దవాళ్లే. పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువగా బలి తీసుకునే రకాన్ని, అంటే మెదడు కాండంలో పుట్టే కణితిని, ఆ లెక్కలోకి అసలు తీసుకోలేదు. ఈ చివరి వాక్యం చాలా వార్తల్లో కనబడలేదు.

ఆ కాండం కణితి కథ తెలిస్తే మోడళ్ల కథ సగం తెలిసినట్టే.

ముక్క దొరకని జబ్బు

మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే కాండంలో మధ్యభాగాన్ని పాన్స్ అంటారు. నిలువు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుందేమో. కంటిని పక్కకు తిప్పే నరం, ముఖ కండరాల నరం అక్కడే మొదలవుతాయి. కాళ్లూ చేతులకు మెదడు పంపే ఆదేశాలన్నీ ఆ ఇరుకులోంచే దిగుతాయి. అక్కడ పుట్టే కణితి డిఫ్యూజ్ ఇంట్రిన్సిక్ పాంటైన్ గ్లయోమా, పొడి అక్షరాల్లో డీఐపీజీ. ఎక్కువగా అయిదు నుంచి పదేళ్ల మధ్య పిల్లలకు వస్తుంది. ఒక కన్ను లోపలికి తిరగడం, మూతి ఒక పక్కకు వంకర పోవడం, నడకలో తూలడం, ఈ మూడూ కొద్ది వారాల్లోనే మొదలవుతాయి.

ఇది గడ్డలా విడిగా ఉండదు. వేడన్నంలో కలిపిన నెయ్యిలా మంచి నరాల మధ్య కలిసిపోయి ఉంటుంది. కత్తితో తీసే వీల్లేదు. ఆరు వారాల పాటు రోజుకింత చొప్పున మొత్తం 54 గ్రే (మోతాదు కొలత) రేడియేషన్ ఇస్తారు. పిల్లలు కొన్ని నెలలు తేరుకుంటారు, తర్వాత తిరగబెడుతుంది. సగం మంది ఏడాది లోపే పోతారు. రెండేళ్లు దాటేది పదిమందిలో ఒక్కరికన్నా తక్కువే. చంద్రుడి మీద మొదట కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు కేరన్ 1962 జనవరిలో, మూడేళ్లు నిండకుండానే, ఈ జబ్బుతోనే చనిపోయింది. ఆ పాపకి ఇచ్చిన చికిత్సా రేడియేషనే. అరవై ఏళ్లలో యంత్రాలు మారాయి, స్కానింగులు వచ్చాయి. చికిత్సకు వెన్నెముక మాత్రం అదే.

ఇంత కాలం ఎందుకు కదలలేదన్న దానికి ఒక జవాబు వింతగా ఉంటుంది: స్కానింగ్ బాగుపడటం వల్ల. 1990ల ఆరంభానికి ఎంఆర్ఐ బొమ్మ చూసి ఈ జబ్బును గుర్తుపట్టే స్థితి వచ్చింది. పాన్స్‌లో సూది దించితే ముప్పు, దించకపోయినా చికిత్స మారదు, కాబట్టి బయాప్సీ అక్కర్లేదన్న మాట స్థిరపడింది. ఆ రోగి కోణంలో చూస్తే అది సరైన నిర్ణయమే. కానీ బయాప్సీ లేదంటే కణజాలం లేదు. కణజాలం లేదంటే ల్యాబ్‌లో పెంచడానికి ఏమీ లేదు. రెండు దశాబ్దాల పాటు డీఐపీజీ పిల్లల మీద ప్రయోగించిన మందులన్నీ పెద్దవాళ్లకొచ్చే మెదడు క్యాన్సర్ గ్లయోబ్లాస్టోమా నుంచి అరువు తెచ్చుకున్నవే. రెండూ మైక్రోస్కోపు కింద ఇంచుమించు ఒకేలా కనబడతాయి గనక, ఒకటే జబ్బు అనుకున్నారు.

ఆ మొండి గోడకి రెండు వైపుల నుంచి కన్నం పడింది. ఒకటి పారిస్‌లో. నెకర్ ఆసుపత్రి న్యూరోసర్జన్లు స్టీరియోటాక్టిక్ పద్ధతిలో, అంటే కొలతల చట్రం సాయంతో సన్నని సూదిని పాన్స్‌లోకి దించి, బియ్యపు గింజంతేసి ముక్కలు తీయడం మొదలుపెట్టారు. 2007లో 24 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. ఆ సూది వల్ల ఎవరూ చనిపోలేదు. రెండో కన్నం శవపరీక్ష గదిలో పడింది.

2012లో ఈ రెండు దారుల్లో వచ్చిన కణజాలాన్ని జన్యుపరంగా చదివినప్పుడు అసలు తేడా బయటపడింది. డీఎన్ఏ చుట్టుకునే కండె లాంటి ప్రొటీన్ హిస్టోన్ హెచ్3. దాని తోకలో 27వ స్థానంలో లైసిన్ ఉండాల్సిన చోట మెథియోనిన్ వచ్చి కూర్చుంది. డీఐపీజీల్లో సుమారు 80 శాతంలో ఇదే మార్పు. పెద్దల గ్లయోబ్లాస్టోమాలో దాదాపు కనబడదు. ఈ ఒక్క అక్షరం మారడంతో, జన్యువులను నిద్రపుచ్చే గుర్తులు జన్యురాశి పొడవునా చెరిగిపోతాయి. ఎదిగి స్థిరపడాల్సిన కణం పసితనంలోనే ఇరుక్కుపోతుంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మ్యుటేషన్ పేరుతోనే ప్రత్యేక జబ్బుగా వర్గీకరించింది. పెద్దల మందులు పిల్లలకెందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. అవి వేరే జబ్బు మందులు.

శవపరీక్ష గది నుంచి ఇంక్యుబేటర్ దాకా

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిషెల్ మాంజే, సహచరులు, చనిపోయిన బిడ్డ కణితి నుంచి బతికున్న కణాలను పెంచి 2011లో ఆ వివరాలు ప్రకటించారు. మనిషి పోయాక కణాలు బతికుంటాయా అన్న సందేహం సహజం. గుండె ఆగిన క్షణాన ఒంట్లోని కణాలన్నీ ఒకేసారి చావవు. ఆక్సిజన్ కొరతకు అలవాటు పడిన కణితి కణాల్లో కొన్ని గంటల తరబడి నిలబడతాయి. ఆ గంటల్లోనే పనంతా జరగాలి.

పని నిజానికి అంతకు వారాల ముందే, తల్లిదండ్రుల ఒప్పుకోలుతో మొదలవుతుంది. బిడ్డ ఇంట్లో పోయినా, ఆసుపత్రిలో పోయినా, రాత్రయినా, పండగ రోజైనా, వీలైనంత త్వరగా శవపరీక్ష జరిగేలా ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. పాన్స్ నుంచి తీసిన ముక్కను చల్లని పోషక ద్రవంలో వేసి ఐస్ మీద పెడతారు. గడ్డకట్టించకూడదు. గడ్డకడితే మంచు స్ఫటికాలు కణాల పొరల్ని చీల్చేస్తాయి. ఆ డబ్బా అవసరమైతే రాత్రికి రాత్రి వేరే ఊరి ల్యాబుకి ప్రయాణం కడుతుంది.

ల్యాబులో శుద్ధమైన గాలి వచ్చే హుడ్ కింద ముక్కను స్కాల్పెల్‌తో సన్నగా తరుగుతారు. ఎంజైములు కలిపిన ద్రవంలో నానబెట్టి, పిప్పెట్‌తో మెల్లగా పైకీ కిందకీ లాగుతూ కణాలను విడగొడతారు. జల్లెడ పడతారు. పాన్స్ నిండా నరాల దారులే కాబట్టి వాటి మీది కొవ్వుపొర, మైలిన్, విపరీతంగా వస్తుంది. దాన్ని వదిలించడానికి చిక్కటి పంచదార ద్రావణంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. కొవ్వు మీగడలా పైకి తేలుతుంది, కణాలు అడుగుకి చేరతాయి. వాటిని పెరుగుదల ప్రొటీన్లు కలిపిన ద్రవంలో వేసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెడతారు.

మొదటి రోజుల్లో మైక్రోస్కోపు కింద కనబడేదంతా చెత్తే: చచ్చిన కణాలు, విరిగిన తంతువులు. పారేయాలనిపించేలా ఉంటుంది. ఒకటి నుంచి నాలుగు వారాల్లో, అదృష్టం బాగుంటే, ద్రవంలో తేలుతూ చిన్న చిన్న గుండ్రటి ముద్దలు కనబడతాయి. సగ్గుబియ్యం ఉడికినట్టు మెరుస్తుంటాయి. వాటిని న్యూరోస్ఫియర్లు అంటారు. చాలా ముక్కలు ఈ దశకి రాకుండానే ఆగిపోతాయి.

ముద్దలు వచ్చినంత మాత్రాన మోడల్ వచ్చినట్టు కాదు. అవి కణితి కణాలా, పక్కనున్న మామూలు కణాలా అన్నది తేలాలి. కె27ఎం మ్యుటేషన్ ఉందేమో చూస్తారు. ఆ బిడ్డ డీఎన్ఏ వేలిముద్రతో సరిపోలుస్తారు. ఆ తర్వాతే చిన్న సీసాల్లో నింపి ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తారు. సీసా మీద విశ్వవిద్యాలయం పొడి పేరు, జబ్బు పేరు, రోమన్ అంకె ఉంటాయి. బిడ్డ పేరు ఎక్కడా ఉండదు.

పళ్లెంలో ఏం పోతుంది

ఈ జాగ్రత్త అంతా ఎందుకో తెలియాలంటే పెద్దల గ్లయోబ్లాస్టోమా పరిశోధనలో జరిగిన ఒక పొరపాటు చూడాలి. యూ87 అనే కణాల శ్రేణి, అంటే ల్యాబుల్లో తరతరాలుగా పెంచుతూ పోయే కణాలు, 1966లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒక రోగి కణితి నుంచి తయారైంది. అర్ధశతాబ్దం పాటు ప్రపంచమంతా దాని మీదే మందులు పరీక్షించింది. 2016లో ఉప్సాలాలో భద్రంగా ఉన్న అసలు కణితి ముక్కల డీఎన్ఏతో, ల్యాబులు కొనుక్కుంటున్న యూ87 డీఎన్ఏని పోల్చారు. రెండూ సరిపోలేదు. ఎప్పుడో, ఎక్కడో సీసాలు మారిపోయాయి. అవి మెదడు కణితి కణాలే కావచ్చుగానీ, ఎవరివో తెలియదు. వేల పరిశోధనా పత్రాల కింద ఆ పేరు ఉంది.

సీసా మారకపోయినా కణం మారుతుంది. పాత పద్ధతిలో కణాలను గర్భస్థ దూడ రక్తం నుంచి తీసిన సీరంలో పెంచేవారు. మెదడు కణాలకు రక్తపు సీరం మామూలుగా తగలదు. ఆ సీరంలో పడిన గ్లయోమా కణాలు కొన్ని తరాల్లోనే జన్యుపరంగా, స్వభావపరంగా అసలు కణితికి దూరమైపోతాయని, సీరం లేని ద్రవంలో పెంచినవి పోలిక నిలబెట్టుకుంటాయని 2006లో ఒక అధ్యయనం చూపింది. ఇప్పటి పిల్లల మోడళ్లన్నీ ఎక్కువగా సీరం లేకుండా పెరిగేవి అందుకే.

గాలి సంగతీ అంతే. ఇంక్యుబేటర్లోని ఆక్సిజన్ బయటి గాలికి దగ్గరగా, దాదాపు 20 శాతం. మెదడు కణజాలంలో అంతకన్నా చాలా తక్కువ. పసిపిల్లల చిన్నమెదడు దగ్గర పుట్టే పీఎఫ్ఏ రకం ఎపెండైమోమా అనే కణితిని ఎంత కాలం ఎంతమంది ప్రయత్నించినా పళ్లెంలో పెంచలేకపోయారు. ఆక్సిజన్‌ను 1 శాతానికి దించితే పెరిగింది. 2020లో ఆ ఫలితం ప్రకటించారు. కణాలు బతకకపోవడానికి కారణం కణాల్లో లేదు, వాటికి మనం మంచిదనుకుని ఇచ్చిన గాలిలో ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోటు చుట్టుపక్కల మెదడు లేకపోవడం. పళ్లెంలో గ్లయోమా కణం ఒంటరిది. తలలో అది పనిచేస్తున్న నాడీకణాల మధ్య ఉంటుంది. నాడీకణాలు చురుగ్గా ఉన్నప్పుడు న్యూరోలిజిన్-3 అనే ప్రొటీన్ విడుదలై గ్లయోమాను పెంచుతుందని మాంజే బృందం 2015లో చూపింది. 2017లో మరో అడుగు వేసి, ఆ ప్రొటీన్ లేని ఎలుకల మెదడులో పిల్లల గ్లయోమా కణాలను నాటితే పెరుగుదల చతికిలబడటం గమనించింది. 2019లో నాడీకణాలు కణితి కణాలతో ఏకంగా సినాప్స్‌లు, అంటే విద్యుత్ సంకేతాలు మార్చుకునే లంకెలు, ఏర్పరుస్తున్నాయని రెండు బృందాలు విడివిడిగా చూపాయి. కణితి మెదడును నొక్కే ముద్ద కాదు, మెదడు తీగల్లోకి చొరబడ్డ దొంగ కనెక్షన్ అన్నమాట. పళ్లెంలో ఎన్ని వేల మందులు పరీక్షించినా ఈ విషయం బయటపడేది కాదు. అక్కడ తీగలే లేవు.

ఎలుక తలలో

అందుకే పళ్లెంలో పెరిగిన కణాలను, లేదా నేరుగా రోగి ముక్కనే, ఎలుక మెదడులో నాటుతారు. కాండంలో పుట్టిన కణితిని ఎలుక కాండంలో, చిన్నమెదడులో పుట్టినదాన్ని ఎలుక చిన్నమెదడులో. సొంత చోట నాటిన ఇలాంటి మోడళ్లు 30 ఉన్న బ్యాంకును సియాటిల్, హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2018లో ప్రకటించి, ఇతర ల్యాబులు తీసుకునేలా అందుబాటులో ఉంచారు.

ఇక్కడ మెదడు ఉంది, రక్తనాళాలు ఉన్నాయి, రక్తంలోని మందుల్ని మెదడులోకి రానివ్వని అడ్డుగోడ ఉంది. పోయేది వేరే. మనిషి కణాలను తిప్పికొట్టకుండా ఉండాలంటే ఎలుకకు రోగనిరోధక శక్తి ఉండకూడదు. టి కణాలు, బి కణాలు, ఎన్‌కే కణాలు లేని జాతి ఎలుకల్నే వాడతారు. అంటే రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుల్ని ఈ ఎలుక మీద పరీక్షించడం, ఇంధనం లేని బండికి మైలేజీ చూడటం లాంటిది. కొలతలూ వేరే. ఎలుక మెదడు బరువు అర గ్రాము కూడా ఉండదు, మనిషిది 1300 గ్రాములు దాటుతుంది. ఎలుకలో మందు మిల్లీమీటరు దూరం పాకితే సరిపోయే చోట, బిడ్డ తలలో సెంటీమీటర్లు పాకాలి.

ఎలుకలో తరాలు మారేకొద్దీ కణితి మారిపోతుందా అన్న దాని మీద శాస్త్రవేత్తల్లోనే వాదన నడిచింది. రకరకాల క్యాన్సర్ల ఎలుక మోడళ్లను చూసిన 2017 నాటి అధ్యయనం, అవి ఎలుక ఒంటికి అనుగుణంగా పరిణామం చెందుతున్నాయంది. 2021లో మరో పెద్ద విశ్లేషణ, క్రోమోజోముల లెక్క మొత్తం మీద చెదరకుండానే ఉందని తేల్చింది. రెండు అధ్యయనాల కొలత పద్ధతులు వేరు గనక ఒకటి రెండోదాన్ని పూర్తిగా కొట్టేసినట్టు కాదు. ఆచరణలో ల్యాబులు తీసుకునే జాగ్రత్త మాత్రం ఒకటే: తొలి తరాల సీసాలను ఎక్కువగా దాచి, వాడేటప్పుడు వాటినే తీయడం.

పళ్లేనికీ ఎలుకకీ మధ్య ఆర్గనాయిడ్ ఉంది. మూలకణాల నుంచి ల్యాబులో పెంచే కందిగింజంత మెదడు కణజాలం. 2013లో వియన్నాలో మొదలైన ఈ పద్ధతిలో, కణితి కణాలను మనిషి నాడీకణాల మధ్యే చూడవచ్చు. ఎలుక అక్కర్లేదు. అయితే రక్తనాళాలు ఉండవు. ముద్ద పెరిగేకొద్దీ మధ్యభాగం పోషకాలందక చచ్చిపోతుంది.

పెరిగేవే మిగులుతాయి

మోడళ్ల గురించి అరుదుగా చెప్పుకునే లోపం ఇంకోటి ఉంది. అది ఎంపికలో జరిగే మోసం, ఎవరూ కావాలని చేసేది కాదు. ల్యాబులో దొరికేవి అన్ని కణితులకూ ప్రతినిధులు కావు, ల్యాబులో పెరగగలిగిన వాటికి మాత్రమే.

మెడులోబ్లాస్టోమాయే చూడండి. చిన్నమెదడులో వచ్చే ఈ కణితిని ఆపరేషన్‌తో తీస్తారు కాబట్టి కణజాలానికి కొరత లేదు. 2012లో దీన్ని డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4 అని నాలుగు జాతులుగా విడదీశారు. అన్నిటికన్నా ఎక్కువమంది పిల్లలకు వచ్చేది గ్రూప్ 4. ల్యాబుల్లో ఎక్కువగా కనబడేది మిక్ జన్యువు రెచ్చిపోయిన గ్రూప్ 3. అది పళ్లెంలోనూ ఎలుకలోనూ కలుపు మొక్కలా పెరుగుతుంది. గ్రూప్ 4 మొరాయిస్తుంది. తొంభై శాతానికి పైగా పిల్లలు బతికే డబ్ల్యూఎన్‌టీ రకానికి మోడళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. "మెడులోబ్లాస్టోమా మోడల్‌లో మందు పనిచేసింది" అన్న వార్తలో, ఏ గ్రూపు అన్నది లేకపోతే ఆ వార్తకు అర్థం లేదు.

ఇంకా విచిత్రమైనది పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా. పిల్లల మెదడు కణితుల్లో ఎక్కువగా కనబడేది ఇదే, మెల్లగా పెరిగేదీ ఇదే. దీన్ని నడిపే బీఆర్ఏఎఫ్ జన్యు మార్పు, పెరగమని ఎంత గట్టిగా చెబుతుందంటే, కణం ఉలిక్కిపడి తనంతట తానే ముసలిదైపోయి విభజన ఆపేస్తుంది. బిడ్డ తలలో ఈ కణితి చాలాసార్లు నింపాదిగా ఉండటానికి, పళ్లెంలో చేతికి రాకపోవడానికి కారణం ఒకటే. 2016లో జర్మన్ శాస్త్రవేత్తలు, ముసలితనాన్ని తాత్కాలికంగా ఆపే ఒక వైరస్ జన్యువును చొప్పించి, మందు వేస్తే అది పనిచేసేలా, ఆపితే ఆగిపోయేలా స్విచ్ పెట్టి, ఒక శ్రేణిని పెంచగలిగారు.

మోడళ్లకు కరువున్న ఈ కణితికే మందులు ముందు వచ్చాయి. బీఆర్ఏఎఫ్ మార్పు ఉన్న పిల్లల గ్లయోమాలకు 2023లో డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటకు, 2024 ఏప్రిల్‌లో టోవోరాఫెనిబ్‌కు ఎఫ్‌డీఏ అనుమతులు దొరికాయి. కారణం, తాళం ఎక్కడుందో స్పష్టంగా తెలియడం. ఆ తాళానికి పెద్దవాళ్ల చర్మ క్యాన్సర్ కోసం తయారైన తాళంచెవుల అనుభవం అప్పటికే ఉంది. మోడళ్ల సంఖ్య చూసి మందుల భవిష్యత్తు అంచనా వేయకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కనబడదు.

మూడు మందులు, మూడు దారులు

డీఐపీజీ మోడళ్లు ఇప్పటిదాకా ఏం ఇచ్చాయన్నది మూడు పేర్లతో తేలుతుంది.

మొదటిది పనోబినోస్టాట్. 2015లో వివిధ దేశాల ల్యాబులు కలిసి 16 డీఐపీజీ కణశ్రేణుల మీద 83 మందులు పరీక్షించాయి. ఎముక మజ్జ క్యాన్సర్‌కు వాడే ఈ మందు ముందు వరసలో నిలిచింది. హిస్టోన్ల మీద పనిచేసే మందు కాబట్టి హిస్టోన్ జబ్బుకు సరిపోతుందన్న తర్కమూ కుదిరింది. పిల్లల్లో పరీక్షించినప్పుడు ఆశించిన మేలు జరగలేదు. ప్లేట్‌లెట్లు పడిపోవడం లాంటి ఇబ్బందుల వల్ల మోతాదు ఒక హద్దు దాటలేదు, ఆ మోతాదులో మెదడు గోడ దాటి పాన్స్‌లోకి చేరే మందు చాలా తక్కువ. పళ్లెంలో కణాలు చావడం అబద్ధమేమీ కాదు. ఆ గాఢతలో మందు బిడ్డ పాన్స్‌కి చేరుతుందా అన్న ప్రశ్నకి జవాబు పళ్లెం దగ్గర లేదు. ఈ శీర్షికలో అడిగిన ప్రశ్నకి, ఒక్క ముక్కలో చెప్పాల్సి వస్తే, ఎక్కువసార్లు ఇదే జవాబు.

రెండోది జీడీ2 మీద గురిపెట్టిన కార్-టి కణాలు. రోగి సొంత టి కణాలకు కొత్త కొక్కెం తగిలించి, కణితి మీది గుర్తును పట్టుకునేలా చేయడం ఈ చికిత్స. ఆ గుర్తు కోసం రోగుల నుంచి వచ్చిన డీఐపీజీ కణాల పైపొరను జల్లెడ పడితే, జీడీ2 అనే కొవ్వు-చక్కెర అణువు విపరీతంగా కనబడింది. 2018లో ఎలుకల మీద ఫలితాలు వచ్చాయి. కణితులు కరిగాయి. కానీ కొన్ని ఎలుకలు చికిత్స వల్లే చచ్చిపోయాయి: కణితి వాచి, మెదడు ద్రవం పారే దారి మూసుకుపోయింది. ఎలుక ఇక్కడ మోడల్‌గా తన పని చక్కగా చేసింది, ముందే హెచ్చరించింది. అందుకే మనుషుల మీద ప్రయత్నించినప్పుడు ద్రవాన్ని బయటికి తీసే గొట్టం ముందే అమర్చి, ఐసీయూ స్థాయి నిఘాతో మొదలుపెట్టారు. 2024 నవంబర్‌లో ప్రకటించిన 11 మందిలో నలుగురికి కణితి సగానికి పైగా తగ్గింది, వారిలో ఒకరికి పూర్తిగా కనబడకుండా పోయి, అప్పటికి రెండున్నరేళ్లు దాటింది. మిగతావాళ్ల సంగతి అంత బాగా లేదు. పదకొండు మంది లెక్క మీద శాతాలు కట్టడం తొందరపాటు.

మూడోది, పైన చెప్పిన డోర్డావిప్రోన్, పరిశోధనల్లో ఓఎన్‌సీ201గా పిలిచిన మందు. దీని పుట్టుక డీఐపీజీ మోడళ్లలో లేదు. పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద జరిగిన వేటలో దొరికి, 2013లో వెలుగులోకి వచ్చింది. కె27ఎం ఉన్న రోగుల్లో పనిచేస్తోందన్నది ఆసుపత్రిలో, రోగుల స్కానింగుల్లో ముందు కనబడింది. ఎందుకు పనిచేస్తోందో చెప్పింది మాత్రం మోడళ్లే. అది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీసి, ఆ దెబ్బ తాలూకు రసాయన మార్పులతో, చెరిగిపోయిన హిస్టోన్ గుర్తులను కొంతవరకు తిరిగి రప్పిస్తుందని 2023లో తేలింది. రేడియేషన్ అయిన వెంటనే, జబ్బు తిరగబెట్టకముందే ఇస్తే మేలా అన్నది యాక్షన్ పేరుతో సాగుతున్న మూడో దశ ట్రయల్ తేల్చాలి.

హైదరాబాద్ దాకా వస్తే

మందుల అనుమతికి జంతు పరీక్షలకు బదులు మనిషి కణాల మోడళ్ల ఫలితాలు సమర్పించే వీలును భారత ప్రభుత్వం 2023లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు సవరించి కల్పించింది. ఆర్గనాయిడ్లు అందులో ఉన్నాయి. ఇలాంటి మోడళ్లను ప్రోత్సహించడానికి హైదరాబాద్ సీసీఎంబీ అటల్ ఇంక్యుబేషన్ సెంటర్లో ఒక ప్రత్యేక కేంద్రమూ ఉంది. అంటే నియమాలూ నైపుణ్యమూ అడ్డు కావు. అడ్డు పాత చోటే ఉంది, కణజాలం దగ్గర.

శవపరీక్ష మార్గం మన దగ్గర ఎక్కువ దూరం వెళ్లడం కష్టం. పోస్ట్‌మార్టం అన్న మాట వినగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది పోలీసు కేసు, మార్చురీ ముందు పడిగాపులు. బిడ్డ పోయిన ఇంట్లో ఆ సమయంలో ఆ మాట ఎత్తడానికి డాక్టర్లే జంకుతారు. బతికున్న బిడ్డ విషయంలో మాత్రం దారి స్పష్టంగా ఉంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతితో పాటు, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని నోటిమాటగా, ఆపై పద్దెనిమిది దాకా రాతపూర్వకంగా అడిగి వాళ్ల ఒప్పుకోలూ తీసుకోవాలి. మెడులోబ్లాస్టోమా, ఎపెండైమోమా ఆపరేషన్లలో తీసిన కణితి ఎటూ బయటికే వస్తుంది. రోగనిర్ధారణకు పోగా మిగిలిన ముక్కే మోడల్‌కి చాలు.

చిక్కు ఏమిటంటే, ఆ ముక్క మామూలుగా నేరుగా ఫార్మలిన్‌లో పడుతుంది. ఫార్మలిన్ కణజాలం కుళ్లకుండా కాపాడుతుంది, ప్రతి కణాన్నీ చంపుతుంది. ఈ పరిమితికి తగ్గట్టు పని చేసినవాళ్లూ ఉన్నారు: నవీ ముంబైలో టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ పరిశోధకులు, ఫార్మలిన్‌లో పెట్టి మైనం దిమ్మగా దాచిన ముక్కల నుంచే మెడులోబ్లాస్టోమా ఏ గ్రూపుదో చెప్పే పరీక్షను 2013లోనే రూపొందించారు. నాలుగు గ్రూపుల్లో ఏదో తెలుసుకోవడానికి చచ్చిన కణం చాలు. పెంచడానికి చాలదు. అందుకు ఆపరేషన్ థియేటర్లో రెండో సీసా ఉండాలి, ఐస్ మీద, పోషక ద్రవంతో. ముక్క ఏ సీసాలో పడాలన్నది సర్జన్ దాన్ని నర్సు చేతికి అందించే లోపే నిర్ణయమైపోయి ఉండాలి.